సీసా వదలడు, గ్లాసు పట్టడు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలసీసా చుట్టూనే తిరిగాయి. పిల్లల వైద్యులు, దంత వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి జవాబులు రాశారు. ఒకే ప్రశ్న పది మంది అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

*మా బాబుకి 15 నెలలు, బరువు పది కిలోలు. రోజుకి నాలుగు సీసాల పాలు తాగుతాడు. పొద్దున లేవగానే 180 మి.లీ., పదకొండింటికి నిద్రపోయే ముందు 120, సాయంత్రం 180, రాత్రి పక్కమీద 240. గ్లాసుతో పడితే నోట్లోకి వెళ్ళినదంతా బయటికి తోసేస్తాడు. నేను పైడిభీమవరంలో షిఫ్టు డ్యూటీకి వెళ్తాను, పగలు మా అత్తగారు చూస్తారు. సీసా ఎలా మాన్పించాలి?*
*– ఒక తల్లి, రణస్థలం*

ముందు మీ లెక్కే చూద్దాం. నాలుగు సీసాలూ కలిపితే 720 మి.లీ. ఏడాది దాటిన పిల్లలకి రోజంతా కలిపి 400 నుంచి 500 మి.లీ. పాలు చాలు. అంటే ఈ నాలుగు సీసాల్నీ నాలుగు గ్లాసులుగా మార్చే పని మీకు లేదు. ఒకటి పూర్తిగా ఎత్తేయొచ్చు, రాత్రిది తగ్గించొచ్చు. చాలా ఇళ్లలో పట్టు బిగిసేది ఇక్కడే. సీసాలో ఎంత తాగాడో అంతా గ్లాసులో తాగించాలని చూస్తారు, వాడు తాగడు, భయపడి మళ్ళీ సీసా ఇస్తారు.

రెండోది, ఏ సీసా దేనికో విడదీయండి. పొద్దుటిది ఆకలికి. సాయంత్రానిది కాస్త ఆకలికి, కాస్త అలవాటుకి. పదకొండింటిదీ రాత్రిదీ అచ్చంగా నిద్రకి. ఆకలి సీసాకి బదులు గ్లాసు పనికొస్తుంది. నిద్ర సీసాకి బదులు గ్లాసు ఇస్తే ఏ పిల్లాడూ ఒప్పుకోడు. అక్కడ కావలసింది నిద్రపుచ్చే ఇంకో పద్ధతి.

ఇక బయటికి తోయడం సంగతి. సీసా తాగేటప్పుడు పెదాలు పాలపీక చుట్టూ బిగుసుకుంటాయి, నాలుక ముందుకీ వెనక్కీ ఆడుతూ పాలు పిండుతుంది, ఆపగానే ధార ఆగుతుంది. గ్లాసులో పని వేరు. కింది పెదవి అంచుని మోయాలి, దవడ కదలకుండా నిలబడాలి, నాలుక లోపలే ఉండాలి. కొత్తలో వాడు సీసా అలవాటునే గ్లాసు దగ్గరా చూపిస్తాడు. నాలుక ముందుకొస్తుంది, పాలు గడ్డం మీదకి కారతాయి. మీకు అది తోసేసినట్టు కనిపిస్తుంది గానీ, వాడికి ఇంకా చేతకాలేదంతే.

గ్లాసు ఎంపికలో చాలామంది పొరపడతారు. ఇంట్లో నీళ్ళు తాగే పొడుగాటి స్టీలు గ్లాసు పనికిరాదు. దాని అంచు ముక్కుకి తగులుతుంది, తల వెనక్కి వాల్చాల్సి వస్తుంది, పొలమారుతుంది. 60 నుంచి 100 మి.లీ. పట్టే పొట్టి స్టీలు గ్లాసు తీసుకోండి. నోరు కాస్త వెడల్పుగా, అంచు బయటికి మడిచి ఉండాలి. అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. అందులో అడుగున రెండు చెంచాలు పోయకండి, మూడొంతుల్లో రెండొంతులు పోయండి. ఒలుకుతుందని తక్కువ పోస్తే అడుగున ఉన్న పాలు అందడానికి మళ్ళీ తల వెనక్కే వంచాలి.

పట్టే తీరు ఇది. బాబుని నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, పాదాలు దేనికైనా ఆనాలి. గ్లాసు అంచు కింది పెదవి మీద ఆనించి, పాలు పై పెదవికి తగిలేదాకా వంచి, అక్కడ ఆపండి. పోయొద్దు. వాడే లోపలికి లాక్కోవాలి. ఒక గుక్క మింగాక గ్లాసు దించి, మళ్ళీ పెట్టండి. వాడి చేతులు గ్లాసుకి పట్టించి, పైన మీ చేయి ఉంచండి. స్నానానికి ముందు, చొక్కా విప్పేసి చేయిస్తే ఒలికినా ఎవరికీ విసుగు రాదు.

మొదటి నాలుగైదు రోజులు పాలు కాకుండా కాస్త చిక్కగా ఉండేది పట్టండి. గ్లాసులోంచి మెల్లగా జారేంత చిక్కటి చోడి (రాగి) జావ, లేదా చిలికిన పెరుగు. పలచటి ద్రవం నోట్లోకి ఒక్కసారిగా దూకుతుంది, చిక్కటిది నిదానంగా వస్తుంది, మింగడానికి వాడికి సమయం దొరుకుతుంది. మధ్యాహ్నం అన్నం మధ్యలో నీళ్ళు కూడా ఈ గ్లాసుతోనే. బాగా ఆకలిగా ఉన్నప్పుడు, నిద్రమత్తులో ఉన్నప్పుడు నేర్పడానికి దిగొద్దు.

గ్లాసు కాస్త చేతికొచ్చాక వారానికో సీసా చొప్పున తీయండి.

మొదటి వారం పదకొండింటి సీసా. దీని బదులు పదిన్నరకి ఏదైనా తిండి పెట్టండి. చోడి జావ, అరటిపండు, పెరుగన్నం, ఏదైనా సరే. గ్లాసులో నీళ్ళు. తర్వాత ఉయ్యాల, లేదా అత్తగారి భుజం. పగటి నిద్ర రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది.

రెండో వారం సాయంత్రానిది. చిరుతిండితో పాటు గ్లాసులో 100 నుంచి 120 మి.లీ. గోరువెచ్చగా ఇవ్వండి. సీసా పాల వేడి ఎంతో గ్లాసు పాల వేడీ అంతే ఉండాలి. ఈ చిన్న సంగతికే కొందరు పిల్లలు గ్లాసు నెట్టేస్తారు.

మూడో వారం పొద్దుటిది. లేవగానే పక్కమీదే సీసా కోసం చేయి చాపుతాడు కాబట్టి పక్క దిగాక, మొహం కడిగాక, వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి 150 మి.లీ. ఇవ్వండి. చోటు మారితే అడగడం తగ్గుతుంది. సీసాలు కంటికి కనిపించే గూట్లో ఉండకూడదు.

రాత్రిది చివర. దీనికి రెండు వారాలు పెట్టుకోండి. మొదటి మూడు రాత్రులు సీసాయే ఇవ్వండి, కానీ పక్కమీద కాదు, దీపం వెలుగుతుండగా హాల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని. ఆ తర్వాత రెండు రాత్రులకి ఒకసారి 30 మి.లీ. తగ్గించండి: 210, 180, 150, 120, 90, 60. అరవైకి వచ్చాక ఆపేయండి. ఈలోగా ఏడున్నరకి అన్నం, ఎనిమిదింపావుకి గ్లాసులో 120 నుంచి 150 మి.లీ. పాలు, పళ్ళు తోమడం, దీపం తీసి జోకొట్టడం అనే వరస రోజూ ఒకేలా సాగాలి. పళ్ళు తోమాక నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. ఐదారు వారాలు తిరిగేసరికి లెక్క 150, 120, 150 కలిపి 420 మి.లీ.కి వస్తుంది.

సీసా పూర్తిగా ఆపిన మొదటి మూడు నాలుగు రాత్రులు గట్టిగా ఏడుస్తాడు. పక్కనే ఉండండి, ఎత్తుకోండి, నీళ్ళు గ్లాసుతో ఇవ్వండి. మూడో రాత్రి అరగంట ఏడ్చాక సీసా ఇచ్చారంటే, అరగంట ఏడిస్తే సీసా వస్తుందని నేర్పినట్టే. నాలుగో రాత్రి మొదటిదానికంటే కష్టమవుతుంది.

మీరు డ్యూటీకి వెళ్ళడం ఇక్కడ అడ్డు కాదు, ఒక రకంగా మేలు. ఎప్పుడూ సీసా పట్టే మనిషి దగ్గర సీసాయే గుర్తొస్తుంది. అత్తగారో నాన్నో గ్లాసు పడితే తొందరగా ఒప్పుకునే పిల్లలు చాలామంది. కాకపోతే ఇంట్లో అందరిదీ ఒకటే మాటగా ఉండాలి. మీ నైట్ షిఫ్టు రోజు తాతగారు జాలిపడి సీసా తీస్తే మొత్తం మొదటికొస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో కూడా చూసుకోండి. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు వద్దు. 16 నెలలు నిండాక బూస్టర్ టీకాలు ఉంటాయి, ఆ నాలుగు రోజులూ వద్దు. సిరిమాను పండక్కో సంక్రాంతికో ఊరు ప్రయాణం ఉన్న వారం అసలే వద్దు. చుట్టాలింట్లో పిల్లాడు ఏడుస్తుంటే పదిమంది పది సలహాలిస్తారు, చివరికి సీసాయే గెలుస్తుంది.

పాలు తగ్గాయని కంగారు వద్దు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజుకి 500 మి.గ్రా. కాల్షియం కావాలి. వంద మి.లీ. పాలలో సుమారు 120 మి.గ్రా. ఉంటుంది, చిన్న గిన్నెడు పెరుగులోనూ ఇంచుమించు అంతే. మూడొందల మి.లీ. పాలు, గిన్నెడు పెరుగు, చోడి జావ ఉంటే సరిపోతుంది. చూడాల్సింది ఉచ్చ. ఎనిమిది గంటలు పోయకపోయినా, పెదాలు ఎండి మందకొడిగా ఉన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

*మా పాపకి 22 నెలలు. రోజుకి లీటరు గేదెపాలు సీసాతోనే తాగుతుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోదు. మొహం తెల్లగా పాలిపోయినట్టు ఉంటోంది, గోడ పెచ్చులు, మట్టి తింటోంది. విరేచనం గట్టిగా, రెండు మూడు రోజులకోసారి. పాలు బలమే కదా, మరి ఎందుకిలా?*
*– పాఠకురాలు, చీపురుపల్లి*

ఈ ఉత్తరానికి జవాబు చదివాక, పత్రిక పక్కన పెట్టి పాపకి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే ఈ వయసులో రక్తహీనత. మీరు రాసినవన్నీ, పాలిపోవడం, మట్టి తినడం, తిండి మీద ఇష్టం లేకపోవడం, అటే వేలెత్తి చూపిస్తున్నాయి.

లీటరు గేదెపాలలో సుమారు వెయ్యి కేలరీలు ఉంటాయి. ఆ వయసు పిల్లకి రోజంతటికీ కావలసింది దాదాపు అంతే. అంటే సీసాతోనే పాప కడుపు నిండిపోతోంది. అన్నం తినడం లేదని మీరు పాలు పోస్తున్నారు, పాలు పోస్తున్నారు కాబట్టే పాప అన్నం తినడం లేదు. పాలలో మాంసకృత్తులు, కాల్షియం దండిగా ఉన్నా ఇనుము నామమాత్రం. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తి కలిసి తిండిలోని ఇనుమునీ ఒంటికి పట్టనివ్వవు. పీచు లేదు కాబట్టి మలబద్ధకం. ఇనుము తగ్గిన పిల్లకి ఆకలీ చచ్చిపోతుంది, అప్పుడు సీసా ఒక్కటే సుఖంగా అనిపిస్తుంది. ఇదంతా ఒక గుండ్రం. దాన్ని తెంచాల్సింది పాల దగ్గరే.

పది రోజుల్లో లీటరుని 400 మి.లీ.కి దించండి, రోజుకి 60 మి.లీ. చొప్పున. పాలు తిండి తర్వాతే ఇవ్వండి, తిండికి ముందు రెండు గంటలు పాలు వద్దు. మొదటి రెండు మూడు రోజులు పాప ఏమీ తినకపోవచ్చు. ఆకలి అనేది ఒకటుందని ఒంటికి గుర్తుకు రావాలి కదా. చిన్న ముద్దలుగా, మెత్తగా, పప్పుతో ఉడికిన తోటకూరన్నం మీద రెండు చుక్కల నిమ్మరసం పిండి పెట్టండి. పులుపులోని విటమిన్ సి ఇనుముని పట్టిస్తుంది. మాంసాహారం తినే ఇల్లయితే వేటమాంసం, కార్జం మెత్తగా ఉడికించి చిదిమి పెట్టొచ్చు, మాంసంలోని ఇనుము ఆకుకూరల్లో దానికంటే బాగా పడుతుంది. కోడిగుడ్డు, ముల్లు తీసిన చేప కూడా. మా ప్రాంతంలో పిల్లలకి సీసాలో పలచటి టీ పోసే అలవాటు ఇంకా ఉంది. అది ఇనుముకి పాలకన్నా పెద్ద శత్రువు, ఒక్క గుక్క కూడా వద్దు.

ఇనుము సిరప్ విషయం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక్కో మి.లీ. ఇవ్వమని ఆశా కార్యకర్తలు ఇచ్చే సిరప్ రక్తహీనత రాకుండా కాచేది. ఇప్పటికే వచ్చి ఉంటే రోజూ ఎంత వేయాలో బరువుని బట్టి డాక్టరు చెబుతారు, మీ అంతట పెంచొద్దు. సిరప్‌ని పాలతో కలిపి ఇస్తే వేసిన ఫలం దక్కదు. మలం నల్లబడితే భయపడొద్దు. సిరప్ సీసా మాత్రం అందని ఎత్తులో పెట్టండి, పిల్లలు తియ్యగా ఉందని ఎత్తి తాగితే ప్రాణం మీదకి వస్తుంది. నులిపురుగుల మాత్ర వేయించారో లేదో కూడా చూసుకోండి. రెండేళ్ల లోపు పిల్లలకి అర మాత్ర, పొడి చేసి నీళ్ళతో.

*రెండున్నరేళ్ల బాబుకి పై వరస ముందు పళ్ళు నాలుగూ గోధుమరంగుకి మారి అంచులు విరుగుతున్నాయి. కింది పళ్ళు బాగానే ఉన్నాయి. రాత్రి సీసా నోట్లో పెట్టుకునే పడుకుంటాడు, పటికబెల్లం వేసిన పాలు. పాలపళ్ళే కదా, ఊడిపోయేవే కదా అంటున్నారు మావాళ్ళు.*
*– ఒక తల్లి, బొబ్బిలి*

కింది పళ్ళు బాగుండటమే ఈ జబ్బు పేరు చెబుతోంది: పాలసీసా పుచ్చు. సీసా తాగేటప్పుడు నాలుక కింది పళ్ళ మీద పరుచుకుని ఉంటుంది, అక్కడ లాలాజలం కూడా ఎక్కువ. పాలు వచ్చి నిలిచేది పై ముందు పళ్ళ వెనక. మెలకువగా ఉంటే లాలాజలం కడిగేస్తుంది. నిద్రలో అది ఊరడం తగ్గుతుంది, మింగడమూ తగ్గుతుంది. పాలలో ఉన్న చక్కెర, మీరు వేసిన పటికబెల్లం రాత్రంతా అక్కడే ఉంటాయి. వాటిని తిన్న క్రిములు ఆమ్లం విడుస్తాయి, పాలపన్ను పైపొర పలచన, కొన్ని నెలల్లో పుచ్చుతుంది.

ముందు పళ్ళు ఆరేడేళ్లకి ఊడతాయి, నిజమే. కానీ వెనక పాలదంతాలు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి, పుచ్చు వాటిదాకా పోతుంది. నొప్పితో పిల్లాడు నమలడం మానేస్తాడు, మళ్ళీ మెత్తటి పాలకే వస్తాడు. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్నుకీ దెబ్బే.

ఈరోజు రాత్రి నుంచే పటికబెల్లం ఆపండి. ఈ వయసులో నెమ్మదిగా తగ్గించడానికి ఆగక్కర్లేదు, పక్కమీద సీసాలో నీళ్ళు తప్ప ఏమీ పోయొద్దు. చాలామంది పిల్లలు నీళ్ళ సీసాని వారంలో వాళ్ళే విసిరేస్తారు. రోజుకి రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపుగింజంత వేసి మీరే తోమండి, రాత్రిది తప్పకూడదు. పిల్లల దంత వైద్యుల దగ్గర పుచ్చుని ఆపే పూత ఉంటుంది, చిన్నవాటికి సూది అక్కర్లేదు. వెండి కలిసిన పూత వేస్తే పుచ్చిన చోటు నల్లబడుతుందని ముందే తెలుసుకోండి, అది మందు పని చేసిన గుర్తు.

చిన్న పిల్లలున్న మిగతా తల్లులు నెలకోసారి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు వెంట సుద్దలాంటి తెల్లటి గీత కనిపిస్తే పుచ్చు మొదలైందని. ఆ దశలో పట్టుకుంటే వెనక్కి మళ్ళించొచ్చు.

*మా మనవడికి ఎనిమిది నెలలు. మా కోడలు సిప్పరో ఏటో కొనాలంటది. మా ఇంట్లో ఎండి ఉగ్గుగిన్నె ఉంది, బుడితి ఇత్తడి గళాసులున్నాయి. మా పిల్లలందరూ వాటితోనే పెరిగినారు. అవి పనికిరావా?*
*– ఒక నాయనమ్మ, నరసన్నపేట*

ఉగ్గుగిన్నె మంచి వస్తువమ్మా. పాలపీక, రబ్బరు, మూలలు లేని గిన్నె, కడగడం సులువు. ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకి ఇప్పటికీ అలాంటి ముక్కు గిన్నెతోనే పాలు పడతారు. గిన్నెతో తంటా లేదు గానీ, కాళ్ళు చాపి, బిడ్డని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి పోయడం మాత్రం మానాలి. పడుకున్న బిడ్డ నోట్లో పోస్తే పాలు ఊపిరిగొట్టంలోకి, చెవి వైపు గొట్టంలోకి పోతాయి. పిల్లల్లో ఆ చెవిగొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, చెవిపోటు అందుకే వస్తుంది.

ఎనిమిది నెలల బిడ్డ కూర్చోగలడు. కాబట్టి కూర్చోబెట్టి, అంచు పెదవికి ఆనించి, వాడినే లాక్కోనివ్వండి. ముక్కు ఉన్న గిన్నె చేతిలో ఉంటే మనకి పోయాలనే అనిపిస్తుంది, అందుకని ఈ నెల నుంచి మామూలు పొట్టి గ్లాసుకి మారితే ఇంకా మేలు. అన్నంతో పాటు రెండు మూడు గుక్కల కాచి చల్లార్చిన నీళ్ళు చాలు. తల్లిపాలు మామూలుగానే సాగాలి. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు తాగడానికి వద్దు. తేనె అసలు వద్దు.

బుడితి గ్లాసులు చూడముచ్చటగా ఉంటాయి. కానీ ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. మజ్జిగ, నిమ్మనీళ్ళు లాంటి పులుపు తగిలితే రాగి కరుగుతుంది. లోపల కళాయి ఉంటే కొంత అడ్డం గానీ, పాత కళాయిలో సీసం కలిసి ఉండొచ్చు, అరిగిపోయి కూడా ఉంటుంది. పసిబిడ్డకి స్టీలే. ఇత్తడి గ్లాసు వాడి పెళ్ళికి దాచండి.

*ఏ కంపెనీ సిప్పర్ కొనమంటారు? వంద రూపాయల నుంచి వెయ్యి దాకా ఉన్నాయి.*
*– ఒక తండ్రి, విజయనగరం*

మన దేశంలో 1992 నాటి చట్టం పాలసీసాలకీ, పాలపొడులకీ ప్రకటనలు వద్దంది. ఆ స్ఫూర్తితో మేమూ కంపెనీ పేర్లు చెప్పం. ఏం చూడాలో చెబుతాం.

తలకిందులు చేసినా చుక్క కారని సిప్పర్‌లో మూత కింద చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది. గట్టిగా పీలిస్తేనే తెరుచుకుంటుంది. అంటే పిల్లాడు చేసేది సీసా పనే, పేరు మారిందంతే. ప్రయాణంలో కారు పాడవకుండా ఉండటానికి తప్ప దానివల్ల ఒరిగేది లేదు. పైగా ఆ వాల్వ్ మడతల్లో పాల జిడ్డు చేరి నల్లటి బూజు కడుతుంది. మన తీరప్రాంతపు చెమ్మలో అది ఇంకా తొందర. కొంటే అన్ని భాగాలూ విడదీయగలిగేది కొనండి, వాల్వ్‌ని వేలితో తిరగేసి చూడండి, అందులో పాలు పోయకండి, నీళ్ళు మాత్రమే.

స్ట్రా ఉన్న కప్పు దానికన్నా మెరుగు. నేర్పడం సులువే. స్ట్రాని నీళ్ళలో ముంచి, పై కొన వేలితో మూసి తీస్తే లోపల కాస్త నీరు నిలుస్తుంది. కింది కొన పిల్లాడి పెదాల మధ్య పెట్టి, వాడు పెదాలు మూయగానే వేలు తీయండి. నాలుగైదు సార్లకి పీల్చడం మొదలుపెడతాడు. స్ట్రా కొన నోట్లోకి సెంటీమీటరు మించి పోకూడదు. ఎక్కువ లోపలికి ఉంటే నాలుక వెనకనుంచి పీలుస్తాడు, పొలమారుతుంది. కానీ మీ పాత స్టీలు గ్లాసుకి పైసా ఖర్చు లేదు.

*మూడేళ్లు నిండబోతున్నాయి, ఇంకా సీసాయే. పాలపీకకి వేపాకు ముద్ద రాయమంటున్నారు. ఒకేసారి ఆపేయొచ్చా?*
*– పాఠకురాలు, టెక్కలి*

ఆపేయొచ్చు. మాట అర్థమయ్యే వయసు కాబట్టి వారాల ప్రణాళిక అక్కర్లేదు. వేపాకు, మిరపకాయ, కలబంద మాత్రం వద్దు. మిరప కంట్లో పడుతుంది. చేదు రాస్తే పిల్లలు కొందరు సీసాతో పాటు పాలనీ, మనమిచ్చే గ్లాసునీ అనుమానించడం మొదలుపెడతారు.

మూడు రోజుల ముందు చెప్పండి: ఇంకా మూడు రాత్రులు, ఆ తర్వాత సీసా ఉండదు. రోజూ వేళ్ళ మీద లెక్కపెట్టించండి. మూడో రాత్రి గడిచిన పొద్దున సీసాలన్నీ తనచేతే సంచిలో వేయించి పాత సామాన్లవాడికి ఇప్పించండి, కొత్త గ్లాసు తనే ఎంచుకోవాలి. కాకి ఎత్తుకుపోయిందని చెప్పే ఇళ్ళున్నాయి. పని జరుగుతుంది గానీ, తర్వాత పెరట్లో కాకి వాలినప్పుడల్లా సీసా గుర్తుచేసుకుని ఏడ్చే పిల్లలూ ఉంటారు. ఒక్క సీసా కూడా అటక మీద దాచుకోవద్దు. అర్ధరాత్రి మీకే దాని మీదకి చేయి పోతుంది.

*గ్లాసుతో నీళ్ళు తాగిన ప్రతిసారీ దగ్గుతోంది మా 14 నెలల పాప. అలవాటు లేకనా?*
*– పాలకొండ*

మొదటి వారంలో అప్పుడప్పుడు పొలమారడం మామూలే. గ్లాసు వంపు తగ్గించి, కాస్త చిక్కటి ద్రవంతో ప్రయత్నించండి. అలా చేసినా ప్రతిసారీ దగ్గుతుంటే, తాగాక గొంతు గురగురలాడితే, ముక్కులోంచి వస్తే, తరచూ దగ్గు జ్వరాలు వస్తుంటే అది మింగడంలో లోపం కావచ్చు. గ్లాసు నేర్పడం ఆపి డాక్టరుకి చూపించండి. నెలలు నిండకుండా పుట్టినా, నడక, కూర్చోవడం ఆలస్యమైనా ఆ మాట వాళ్ళకి చెప్పండి. మీ ఊరి ఏ.ఎన్.ఎం.ని అడిగితే పిల్లల్ని పరీక్షించడానికి అంగన్‌వాడీలకి వచ్చే ఆర్.బి.ఎస్.కె. (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం ఎప్పుడొస్తుందో చెబుతారు.

*మా కేంద్రంలో కొందరు తల్లులు మేమిచ్చే బాలామృతం పిండిని పలచగా కాచి, పాలపీక కన్నం బ్లేడుతో పెద్దది చేసి సీసాలో పడుతున్నారు. వద్దంటే వినడం లేదు.*
*– అంగన్‌వాడీ కార్యకర్త, గజపతినగరం మండలం*

వాళ్ళకి రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకదాంట్లో సీసాలోంచి జారేంత పలచటి జావ, ఇంకోదాంట్లో చెంచా వంచినా జారిపడనంత చిక్కటిది. రెండిట్లోనూ పడే పిండి ఎంతో వాళ్ళచేతే కొలిపించండి. సీసాలోకి వెళ్ళేది చాలావరకు నీళ్ళేనని వాళ్ళ కళ్ళకే కనిపిస్తుంది. కడుపు నిండుతుంది, బరువు పెరగదు. ఎదుగుదల కార్డులో గీత పడుకుంటుంది.

కన్నం పెద్దది చేస్తే ధార పిల్లాడి అదుపులో ఉండదు, ఉండ అడ్డుపడితే ఊపిరాడదు. కోసిన రబ్బరు ముక్క ఊడి గొంతులో పడే ప్రమాదమూ ఉంది. ఆ పిండిలో చక్కెర కూడా ఉంటుంది కాబట్టి సీసాతో చప్పరిస్తే పళ్ళు పోతాయి. నమలడం నేర్చుకోవాల్సిన నెలల్లో సీసాతోనే గడిపితే రెండేళ్లకి కూడా అన్నం మెత్తగా మిక్సీ పట్టమంటారు.

పిండిని ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత పొయ్యి మీద పెట్టి తిప్పుతూ చిక్కబడేదాకా ఉడికించమనండి. వేడినీళ్ళలో పిండి వేస్తే ఉండ కడుతుంది, ఉండ కట్టిందనే వాళ్ళు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారు.